ఐసీఎఫ్ గోడలకు బ్రేసింగ్, కాంక్రీట్ పోత: మా ప్రాజెక్టు డైరీ

పోతకు 12 రోజుల ముందు

ఫుటింగ్ మీద, అంటే పునాది అడుగు కాంక్రీట్ మీద, మూడు వరసలు లేచాయి. ఐసీఎఫ్ అంటే ఇన్సులేటెడ్ కాంక్రీట్ ఫార్మ్, ఎప్పుడూ చూడనివాళ్లకు క్లుప్తంగా చెప్తాను: రెండు మందపాటి థర్మోకోల్ పలకలు, వాటిని కలిపి పట్టుకునే ప్లాస్టిక్ వెబ్‌లు, మధ్యలో ఖాళీ. ఆ ఖాళీలో ఊచలు పెట్టి కాంక్రీట్ పోస్తాం. మామూలు సెంట్రింగ్‌లా తర్వాత ఊడదీసేది ఏమీ ఉండదు, థర్మోకోల్ రెండు వైపులా అలాగే ఉండిపోయి ఇంటికి వేడి, చలి తగలకుండా కాపాడుతుంది. మేము వాడుతున్న దిమ్మె 48 అంగుళాల పొడవు, 16 అంగుళాల ఎత్తు, మధ్య ఖాళీ 6 అంగుళాలు, వెబ్‌లు 8 అంగుళాలకు ఒకటి. 1960ల్లో కెనడాలో వెర్నర్ గ్రెగోరీ అనే ఆయన పేటెంట్ చేయించిన ఫోమ్ దిమ్మెది కూడా ఇదే పొడవు, ఇదే ఎత్తు, అన్నేళ్లయినా ఆ కొలత మారలేదంటే ఒక మనిషి చేతికి సరిగ్గా అమరే సైజు అదేనేమో అనిపిస్తుంది.

మా గోడలు బయటి కొలత 36 అడుగులు, 28 అడుగులు. ఎత్తు ఏడు వరసలు, అంటే 9 అడుగుల 4 అంగుళాలు. నాలుగు కిటికీలు, ఒక తలుపు.

మొదటి వరస మట్టానికి ఒక రోజంతా పట్టింది. ఫుటింగ్ ఒక మూల దాదాపు అర అంగుళం పల్లంగా ఉంది, అక్కడ దిమ్మె కింద సన్నని చెక్క ముక్కలు పెట్టి ఎత్తి, మిగిలిన సందుని ఫోమ్ గమ్‌తో నింపాం, మిగతా చోట దిమ్మె అడుగుని గీసి సరిచేశాం. ఇక్కడ తొందరపడితే ఆ తప్పు ఏడు వరసలూ ఎక్కి పైకి వస్తుంది. మొదటి వరస ఫుటింగ్‌కి గమ్‌తో గట్టిగా అతకడం కూడా ముఖ్యమే, ఎందుకంటే కాంక్రీట్ పోసేటప్పుడు థర్మోకోల్ తేలాలని చూస్తుంది.

పోతకు 10 రోజుల ముందు

నాలుగో వరస అయ్యాక బ్రేసులు, అంటే గోడ ఒరగకుండా పట్టే ఊతలు, నిలబెట్టడం మొదలుపెట్టాం. ఏడు వరసలూ లేపేశాక పెడదాం, అప్పటిదాకా అడ్డం లేకుండా పని తొందరగా సాగుతుంది అన్నాడు తమ్ముడు. నేను వద్దన్నాను. ఖాళీ దిమ్మెల గోడకు బరువు లేదు, నాలుగు వరసలు దాటితే చేత్తో తోస్తే ఊగుతుంది, అలా ఊగే గోడ మీద ఇంకో వరస పేరిస్తే అది ఎటు వంగి ఉందో కంటికి తెలియదు.

ఒక్కో బ్రేసులో మూడు భాగాలు. గోడకు ఆనించి నిలువుగా నిలబెట్టే స్టీలు చానెల్, ఆ చానెల్ పైభాగం నుంచి నేలకు ఏటవాలుగా దిగే ఊతకడ్డీ, ఆ కడ్డీకి కింద టర్న్‌బకిల్. టర్న్‌బకిల్‌ని ఒకవైపు తిప్పితే కడ్డీ పొడవు పెరిగి గోడని బయటికి తోస్తుంది, రెండో వైపు తిప్పితే లోపలికి లాగుతుంది. చానెల్‌కే బ్రాకెట్ తగిలించి దాని మీద సారువ పలకలు వేస్తాం, కాంక్రీట్ పోసేవాళ్లు నడిచేది ఆ పలకల మీదే, కాబట్టి ఆ పక్కన చేతికడ్డీ, పలక అంచుకి అడ్డచెక్క తప్పకుండా ఉండాలి. అన్ని బ్రేసులూ ఇంటి లోపలి వైపే పెట్టాం. ఆరడుగులకు మించకుండా ఒకటి, ప్రతి మూలకు రెండడుగుల లోపు ఒకటి, కిటికీకి, తలుపుకి అటూ ఇటూ ఒక్కోటి. అన్నీ కలిపి 26 తేలాయి.

స్క్రూల విషయంలో మేము మొదటి రోజే ఒక పొరపాటు చేసి దిద్దుకున్నాం. చానెల్‌లో ఉండేవి గుండ్రటి రంధ్రాలు కావు, నిలువుగా పొడుగ్గా ఉండే గాడులు. అవి ఎందుకున్నాయో ఆలోచించకుండా తమ్ముడు గాడి అడుగు భాగంలో స్క్రూ పెట్టి పూర్తిగా బిగించేశాడు. కాంక్రీట్ బరువుకి దిమ్మెల అతుకులు నొక్కుకుని గోడ కొద్దిగా కిందికి దిగుతుంది, అప్పుడు స్క్రూ కూడా గోడతో పాటు దిగాలి. గాడి అడుగున స్క్రూ ఉంటే అది దిగడానికి చోటేది? కొన్ని వరసలు స్క్రూలకు వేలాడతాయి, కొన్ని దిగుతాయి, మధ్యలో అతుకు తెరుచుకుంటుంది. అందుకని స్క్రూ గాడి పై చివర ఉండాలి, బిగించాక పావు తిప్పు వెనక్కి వదలాలి. నలభైకి పైగా స్క్రూలు తీసి మళ్లీ పెట్టాం. ఇంకో సంగతి, స్క్రూ థర్మోకోల్‌లోకి కాదు, లోపల ఉన్న ప్లాస్టిక్ వెబ్ పట్టీలోకి దిగాలి. పట్టీ ఎక్కడుందో దిమ్మె మీద గీతలు ఉంటాయి. చేతికి బిగువు తెలియకపోతే ఆ స్క్రూ ఖాళీగా తిరుగుతున్నట్టే, తీసి పక్కన వేయండి.

పోతకు 8 రోజుల ముందు

రాత్రి గాలి బాగా వీచింది. నిద్ర పట్టక లేచి టార్చి తీసుకుని వెళ్లి చూశాను. ఆరో వరస వరకూ లేచిన పొడుగు గోడ ఉన్నచోటే ఉంది, కానీ చానెళ్లు కిర్రుమంటున్నాయి.

పొద్దున కూర్చుని లెక్క వేశాను. పూర్తి ఎత్తుకి లేచాక 36 అడుగుల గోడ దాదాపు 336 చదరపు అడుగులు. గంటకు 54 కిలోమీటర్ల గాలి తిన్నగా తగిలితే దాని మీద తక్కువలో తక్కువ 400 కిలోల పైన తోపు ఉంటుంది. ఆ తోపుకి ఎదురు నిలబడే బరువు గోడలో లేదు, ఇంకా అందులో కాంక్రీట్ లేదు కదా. మొత్తం బ్రేసులే మోయాలి. పోత రోజు గురించే అందరం టెన్షన్ పడతాం కానీ పోతకు ముందు ఖాళీ గోడ నిలబడి ఉన్న ఈ వారమే బ్రేసులకు అసలైన పరీక్ష అని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. అందుకే బ్రేసుల పాదాల్ని పట్టి ఉంచేలా నేలలో దింపిన ఊచ మేకుల్ని ఈరోజు ఒక్కొక్కటీ గూటంతో కొట్టి చూశాం. రెండు అడుగుల మేకులు మెత్తమట్టి ఉన్న చోట తేలిగ్గా కదిలాయి, అక్కడ మూడడుగులవి దింపాం.

పోతకు 5 రోజుల ముందు

ఏడో వరస పూర్తి. అడ్డ ఊచలు వెబ్‌ల గాళ్లలో ఒక వరసకు ఇటు, ఒక వరసకు అటు మార్చి పెట్టాం, అలా పెడితే పైనుంచి దింపే నిలువు ఊచలు వాటి మధ్య ఇరుక్కుని నిలబడతాయి, ఒక్కోదాన్ని తీగతో కట్టే పని చాలా తగ్గుతుంది.

మేస్త్రీ గారు వచ్చి గోడ చుట్టూ తిరిగి చూశారు. ఆయనకు మామూలు సెంట్రింగ్‌లో చాలా ఏళ్ల అనుభవం, ఐసీఎఫ్ మాత్రం ఇదే మొదటిసారి. "బాబూ, బయటి వైపు ఒక్క ఊతా లేదేమిటి? కాంక్రీట్ పోస్తే బయటికి తన్నుకుని రాదా?" అన్నారు. నిజం చెప్పాలంటే మొదట్లో నాదీ అదే భయం, బయట కూడా బ్రేసులు పెట్టాలని చెక్కలు తెప్పించి ఉంచాను కూడా. ఆయన అడిగాక ఇద్దరం కూర్చుని కాగితం మీద వేసుకున్నాం.

తడి కాంక్రీట్ ఒక ఘనపుటడుగు దాదాపు 68 కిలోలు. మూడడుగుల ఎత్తు పోస్తే అడుగున ప్రతి చదరపు అడుగు మీద 200 కిలోల పైన తోపు. అదే 9 అడుగుల 4 అంగుళాలూ ఒకేసారి నింపేస్తే 630 కిలోల పైన. ఇంత తోపుని ఆరడుగులకు ఒకటి ఉన్న సన్న కడ్డీ ఆపగలదా? ఆపలేదు, ఆపాల్సిన అవసరమూ లేదు. ఎందుకంటే కాంక్రీట్ బయటి పలకని ఎంత తోస్తుందో లోపలి పలకనీ అంతే తోస్తుంది. ఆ రెండు తోపుల్నీ మధ్యలో ఉన్న వెబ్‌లు లాగి పట్టుకుంటాయి. ఒక్కో వెబ్ వాటాకి వచ్చేది 8 అంగుళాలు, 16 అంగుళాల మేర, మూడడుగుల కాంక్రీట్ కింద దాని మీద పడే లాగుడు 180 కిలోల చుట్టుపక్కల. బ్రేసు దాకా వచ్చేది ఆ తోపు కాదు. గోడ కాస్త ఒరిగితే వచ్చే బరువు, గాలి, సారువ మీద మనుషులు, పంపు పైపు కుదుపు, ఇవే.

మేస్త్రీ గారు కాసేపు ఆలోచించి, "అయితే వెబ్ తెగిన చోటే మనకి భయం" అన్నారు. సరిగ్గా అదే. నేను నాలుగు రోజులుగా చెప్పాలనుకుంటున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశారు. బ్రేసు గోడని తిన్నగా ఉంచుతుంది, పగలకుండా ఉంచేది వెబ్. దిమ్మె కోసిన ప్రతిచోటా, నిలువు అతుకులు ఒకదాని మీద ఒకటి వచ్చిన ప్రతిచోటా, మూలల్లో, కిటికీ కింద, వెబ్ లేకపోతే ఆ పలకని పట్టుకునేది ఏమీ లేదు.

బయట బ్రేసులు పెట్టే ఆలోచన అక్కడితో మానేశాం. దానికి బదులు ఇద్దరం సుద్దముక్క పట్టుకుని గోడ చుట్టూ తిరిగి, పక్కపక్క వెబ్‌ల మధ్య దూరం 8 అంగుళాలు దాటిన చోటల్లా గుర్తు పెట్టాం. 31 చోట్లు. బయటి బ్రేసుల కోసం తెప్పించిన చెక్కలే పట్టీలుగా కోసి, ఆ గుర్తుల మీద అడ్డంగా పెట్టి, అటూ ఇటూ ఉన్న మంచి దిమ్మెల వెబ్‌లలోకి స్క్రూలు దించాం. మూలలకు రెండు వైపులా ప్లైవుడ్.

పోతకు 3 రోజుల ముందు

కిటికీ చట్రాల లోపల అడ్డంగా, నిలువుగా రెండడుగులకు ఒక చెక్క చొప్పున బిగించాం. కాంక్రీట్ నాలుగు వైపుల నుంచీ చట్రాన్ని నొక్కుతుంది, లోపల ఏమీ లేకపోతే కిటికీ నడుము సన్నబడి తర్వాత తలుపు రెక్క పట్టదు. కింది చెక్కకు రెండేసి పెద్ద రంధ్రాలు చేసి వదిలాం, కిటికీ కింద కాంక్రీట్ నిండిందా లేదా చూడటానికీ, వైబ్రేటర్ దింపడానికీ.

పోతకు 1 రోజు ముందు

దారాల రోజు. ముందు నాలుగు మూలల్నీ గుండుదారంతో రెండు వైపుల నుంచీ తూకం చూసి టర్న్‌బకిళ్లతో నిలబెట్టాం. మూల తూకంలో లేకపోతే దారం ఎంత బిగువుగా లాగినా తప్పు గీతనే చూపిస్తుంది. మూలల్లో పై వరసకు ముప్పావు అంగుళం మందం చెక్కముక్క కొట్టి, దాని మీదుగా దారం లాగాం. దారం గోడని ఎక్కడా తాకకూడదు, తాకితే గోడే దారాన్ని తోసేస్తుంది, ఇక వంకర కనిపించదు. అదే ముప్పావు అంగుళం మందం ఉన్న ఇంకో చెక్కముక్కని చేతిలో పట్టుకుని గోడకూ దారానికీ మధ్య దూర్చి చూస్తూ పోవాలి, వదులుగా ఉంటే గోడ బయటికి పోయినట్టు, దూరకపోతే లోపలికి వచ్చినట్టు.

మూలలు సరిపోయాక మధ్య గోడల్ని మాత్రం కావాలని పావు అంగుళం లోపలికి, అంటే బ్రేసుల వైపుకి లాగి ఉంచాం. కాంక్రీట్ నిండిన గోడని బయటికి తోయడం తేలిక, లోపలికి లాగడం చాలా కష్టం, స్క్రూలే ఊడి రావచ్చు. కాబట్టి రేపు చేసే సవరణలన్నీ తోపుడు వైపే ఉండేలా ఈరోజే చూసుకున్నాం.

రిపేరు పెట్టె కూడా సర్దాం: 18 అంగుళాల ప్లైవుడ్ ముక్కలు పది, పొడుగు స్క్రూలు, చార్జి నిండిన డ్రిల్లులు రెండు, చేతిరంపం, నేలకు ఆనించే ఊత చెక్కలు నాలుగు. పెట్టెని గోడ బయట మధ్యలో పెట్టాం, ఎవరు ఎక్కడ నిలబడినా పది అంగల్లో అందాలి.

రాత్రి పదింటికి వాన మొదలైంది.

పోత రోజు

తెల్లవారుజామున నాలుగున్నరకే వెళ్లాం. వాన ఆగింది కానీ లోపలి నేల బురద. మేకులన్నీ మళ్లీ కొట్టి చూస్తే నాలుగు చేతికే కదిలాయి. వాటి పక్కన రెండో మేకు ఎదురు వాలుగా దింపి, రెండింటినీ తీగతో బిగించి, బ్రేసు పాదం కింద వెడల్పు పలక వేశాం. లారీ రావడానికి రెండు గంటలు టైం ఉంది కాబట్టి సరిపోయింది.

పనులు ముందే పంచుకున్నాం. పైపు దగ్గర మేస్త్రీ గారు, వైబ్రేటర్ తమ్ముడు, గోడ బయట నడుస్తూ చూసేవాళ్లు ఇద్దరు స్నేహితులు, టర్న్‌బకిళ్ల దగ్గర నేను, దారం దగ్గర మా చెల్లి. ఆమెకు దారం తప్ప వేరే పని ఏదీ ఇవ్వలేదు, పార అందించమని కూడా ఎవరూ అడగకూడదని ముందే చెప్పాను. అందరి మెళ్లో ఈల. ఒక్కసారి ఊదితే పంపు ఆగాలి, ఎందుకు అని తర్వాత అడగాలి. పంపు ఆపరేటర్‌కీ ఇదే చెప్పాం.

మొత్తం కాంక్రీట్ 15, 16 క్యూబిక్ మీటర్ల మధ్య వస్తుందని లెక్క, 17.5 చెప్పాం, మూడు లారీలు, గంటకొకటి. 10 మిల్లీమీటర్ల కంకర, 5 నుంచి 6 అంగుళాల స్లంప్ (తడి కాంక్రీట్ ఎంత జారుగా ఉందో చెప్పే కొలత). మొదటి లారీది స్లంప్ కోన్‌లో మూడు పొరలుగా వేసి, పొరకి 25 పోట్లు పొడిచి, ఎత్తి చూస్తే నాలుగు అంగుళాలే దిగింది. నీళ్లు కలుపుదామని ఒకరు అన్నారు. నీళ్లు వద్దని గట్టిగా చెప్పాను, నీళ్లు కలిపితే సన్న గోడలోకి జారుతుంది నిజమే, బలం కూడా దానితోనే జారిపోతుంది. నీళ్లు పెంచకుండానే కాంక్రీట్‌ని జారుగా చేసే ప్లాస్టిసైజర్ ప్లాంట్ వాళ్లు పంపారు, అది వాళ్లు చెప్పిన మోతాదులో కలిపి, డ్రమ్ము బాగా తిప్పించి మళ్లీ చూస్తే ఐదున్నర.

పంపు పైపు చివర సన్న గొట్టం, దానికి ముందు రెండు వంపులు పెట్టించాం. వంపుల దగ్గర వేగం చచ్చి కాంక్రీట్ మెత్తగా పడుతుంది. తిన్నగా తొమ్మిదడుగుల ఎత్తు నుంచి దూకితే అడుగు దిమ్మెల మీద అది సుత్తి దెబ్బే.

మొదటి చుట్టు కిటికీల కింద నుంచి మొదలుపెట్టాం. అక్కడ నిండిందని రంధ్రాల్లోంచి చూశాకే పక్కకి జరిగాం. మూలల్లో నేరుగా పోయలేదు, మూడడుగుల దూరంలో పోస్తే కాంక్రీట్ తనే నెమ్మదిగా మూలకి పారుతుంది. ఒక్కో చుట్టుకి దాదాపు మూడడుగులు, అంతకు బాగా మించి ఎత్తు లేవకుండా మేస్త్రీ గారు గొలుసు దింపి కొలుస్తూ పోయారు. చుట్టు పూర్తయ్యేసరికి 55 నిమిషాలు. మళ్లీ మొదటి చోటుకి వచ్చేసరికి కింద పోసింది కాస్త గట్టిపడటం మొదలై ఉంటుంది, అప్పుడు పైన పోసిన దాని తోపు కింది వెబ్‌ల మీద పూర్తిగా పడదు. చలి ఎక్కువైతే ఇలా గట్టిపడటం ఆలస్యమవుతుంది, అప్పుడు ఇంకా నెమ్మదిగా పోయాలి.

వైబ్రేటర్ తల అంగుళం మందమే. పెద్దది వాడితే పలకలే అదిరి ఊడిపోతాయి. వేగంగా దింపి, నెమ్మదిగా పైకి తీయాలి, కింది చుట్టులోకి అర అడుగు దిగాలి, ఊచని పట్టుకుని అదిలించకూడదు. తమ్ముడు ఈ పని ఎంత శ్రద్ధగా చేశాడంటే మధ్యలో ఎవరు పిలిచినా తల తిప్పలేదు.

రెండో చుట్టులో రెండు సంఘటనలు, పది నిమిషాల తేడాతో.

మొదటిది, చెల్లి ఈల. పంపు ఆగింది. "అన్నయ్యా, పదకొండో బ్రేసు దగ్గర సందు తగ్గిపోతోంది!" పరిగెత్తి చూస్తే దారానికీ గోడకూ మధ్య పావు అంగుళం కూడా లేదు, గోడ లోపలికి ఒరుగుతోంది. పదకొండు, పన్నెండు బ్రేసుల మధ్య పలక మీద ఆ సమయానికి ముగ్గురు నిలబడి ఉన్నారు, ఆ బరువుకి పదకొండో బ్రేసు పాదం బురదలో వెనక్కి జారింది. తెల్లవారుజామున కొట్టి చూసినప్పుడు ఈ మేకు గట్టిగానే ఉంది, అందుకే దానికి రెండోది వేయలేదు. ముందు ముగ్గురినీ దింపేశాం. పాదం వెనక రెండు మూడడుగుల మేకులు దింపి, పలక అడ్డం పెట్టి, అప్పుడు టర్న్‌బకిల్ తిప్పడం మొదలుపెట్టాను. ఒకేసారి తోయకుండా అర తిప్పు, ఆగడం, చెల్లి కొలత చెప్పడం, మళ్లీ అర తిప్పు. పక్క బ్రేసుల్ని కూడా కొంచెం కొంచెం, లేకపోతే ఒక్కచోటే గూనిలా లేస్తుంది. ఎనిమిది నిమిషాల్లో గోడ మళ్లీ పావు అంగుళం లోపలి వాలుకి వచ్చింది. ఆ తర్వాత ఇద్దరికి మించి ఒక అంకణంలో నిలబడలేదు.

చెల్లి అప్పుడు చూడకపోతే ఇంకో అడుగు కాంక్రీట్ పడేది, అప్పుడు ఆ గోడని నేను కదపగలిగేవాణ్ని కాను. ఆ పనికి ఒక మనిషిని పూర్తిగా కేటాయించినందుకు ఈ ఒక్క ఈలతో ఫలితం దక్కింది.

రెండోది తూర్పు కిటికీ కింద. కిటికీ చట్రం కింద దిమ్మెని ఐదు అంగుళాల ఎత్తుకి కోసి పెట్టాం, దానికి బయట పట్టీ వేశాం, లోపల వేయడం మరిచిపోయాం. సుద్ద గుర్తు బయటే పెట్టాను, లోపల పెట్టలేదు, తప్పు నాదే. కిటికీ కిందది ముందే నిండింది కదా, ఇక భయం లేదు అనుకుంటాం, కానీ కిటికీ పక్కన రెండు వైపులా కాంక్రీట్ ఆరడుగులకి లేచినప్పుడు ఆ ఎత్తు తోపంతా కిటికీ కిందికి వస్తుంది, పైకి పోవడానికి చట్రం అడ్డం. ముందు చిన్నగా టిక్ టిక్‌మని శబ్దం, తర్వాత అతుకు దగ్గర తెల్లని పలక పొట్ట పెట్టడం కనిపించింది, ఈల ఊదేలోపే ఒక పక్క తెరుచుకుని కాంక్రీట్ కారింది. ఒక తట్టెడు.

గాభరా పడి చేతులతో అదిమితే లాభం లేదు. మేస్త్రీ గారు పైపుని ఎదురు గోడకి తీసుకెళ్లి అక్కడ పోయడం కొనసాగించారు, పంపు ఎక్కువసేపు ఆగితే పైపులోనే గట్టిపడుతుంది. మేము కారిన కాంక్రీట్‌ని పారతో తీసి, తెరుచుకున్న చోట ఇంకొంచెం గీకి ఖాళీ చేసి, పలకని వెనక్కి నొక్కి, ప్లైవుడ్ పెట్టి పక్క దిమ్మెల వెబ్‌లలోకి ఎనిమిది స్క్రూలు దించి, ప్లైవుడ్ మీద నుంచి నేలకు ఊత పెట్టాం. అదే పట్టీని మిగతా మూడు కిటికీల లోపలా వేశాకే మళ్లీ అటు వచ్చాం. నలభై నిమిషాలు ఆ చోట పోయలేదు, ఆ తర్వాత పోసినప్పుడు మళ్లీ ఏమీ కాలేదు.

మూడో చుట్టు మామూలుగా నడిచింది. పైన చదును చేసి, పై కట్టడాన్ని గోడకు పట్టి ఉంచే యాంకర్ బోల్టులు గుచ్చాం.

పని అయిపోయిందని అందరూ చేతులు కడుక్కుంటున్నప్పుడు నేనూ చెల్లీ దారం వెంట నడవడం మొదలుపెట్టాం. గోడని చివరిగా తిన్నగా చేసేది ఇప్పుడే, కాంక్రీట్ ఇంకా మెత్తగా ఉన్న ఈ కాసేపట్లో. పావు అంగుళం లోపలికి ఉంచిన గోడల్ని ఒక్కో టర్న్‌బకిల్ తిప్పుతూ కొలత చెక్క సరిగ్గా ఆనేవరకూ బయటికి తోసుకుంటూ వచ్చాం. రెండు రౌండ్లు. మొదటి రౌండ్‌లో సరిచేసిన చోటు పక్కవాటిని తోసేసరికి మళ్లీ కొంచెం మారుతుంది. ముప్పావు గంట అయ్యాక ఆపేశాను. బిగుసుకుంటున్న గోడని తోస్తే లోపల పగులు వస్తుంది, ఎనిమిదో వంతు అంగుళం తేడా కోసం ఆ పని చేయకూడదు.

గోడ తల చుట్టూ చూస్తే ముందు గీసిన గుర్తు కన్నా దాదాపు పావు అంగుళం దిగింది. స్క్రూలన్నీ గాడుల్లో కిందికి జారి ఉన్నాయి, తూర్పు కిటికీ కింద తప్ప ఒక్క అతుకు కూడా తెరుచుకోలేదు.

పోత మర్నాడు

ఏమీ ముట్టుకోలేదు. పై అంచుల మీద తడి గోనెలు వేశాం. గోడ పక్కల నుంచి తడి ఎటూ పోదు, థర్మోకోల్ రెండు వైపులా కప్పి ఉంది కదా.

పోత అయ్యాక 8 రోజులు

బ్రేసులు విప్పాం. విప్పేముందు దారం ఇంకోసారి లాగి 36 అడుగుల గోడలు రెండూ కొలిచాను. ఒకదానిలో ఎక్కువ తేడా ఎనిమిదో వంతు అంగుళం, పదకొండో బ్రేసు ఉన్న గోడలో మాత్రం మూడు పదహారో వంతులు. తూర్పు కిటికీ కింద ప్లైవుడ్ తీస్తే లోపలి పలక అర అంగుళం దాకా ఉబ్బి ఉంది, ఆ మేర థర్మోకోల్‌ని గీకితే చదును అవుతుంది.

మేస్త్రీ గారు గోడ పొడుగునా సుత్తితో తడుతూ వినుకుంటూ వెళ్లారు. థర్మోకోల్ మీద తడితే బోలు ఉన్న చోట మోత వేరుగా ఉంటుంది. అనుమానం వచ్చిన రెండు చోట్ల చిన్న చతురం కోసి చూశాం, రెండు చోట్లా కాంక్రీట్ నిండుగానే ఉంది. కోసిన ముక్కల్ని గమ్‌తో మళ్లీ అతికించాం. బయటి వైపు మట్టి ఇప్పుడే నింపం, పైన ఫ్లోర్ పడి గోడల తలలు కట్టుబడ్డాకే. అప్పటిదాకా బయటి థర్మోకోల్ మీద ఎండ పడకుండా టార్పాలిన్ పట్టాలు కప్పాం, ఎక్కువ రోజులు వదిలేస్తే పసుపు రంగు తిరిగి పైపొర పొడిపొడిగా రాలుతుంది.

26 టర్న్‌బకిళ్లలో నాలుగింటి మరల్లో కాంక్రీట్ చిమ్మి బిగుసుకుపోయింది, పోతకు ముందే వాటికి ప్లాస్టిక్ కవరు చుట్టి ఉండాల్సింది. నాలుగింటినీ డీజిల్ డబ్బాలో వేసి ఉంచాను, రేపు వైరు బ్రష్‌తో రుద్ది చూస్తాం. పై అంతస్తు దిమ్మెలు వచ్చేలోపు 26 మేకులు కొత్తవి కోయించాలి, ఈసారి అన్నీ మూడడుగులవే.